పగార్ చీటీలో పై గీత

పోయిన ఐతారం పొద్దున మా గల్లీ చివర ఉండే పిల్ల రెండు కాగితాలు పట్టుకొని వచ్చింది. వాళ్ళమ్మ బీడీలు చుడ్తది. నాయిన లేడు. పిల్ల పన్నెండో తరగతి అయినాక కుట్టుపని నేర్చుకుంది, కంప్యూటరు కూడా కొంత వచ్చు. రెండు చోట్ల నుంచి ఉద్యోగం కాగితాలు వచ్చినయి.

"తాతా, ఒకదాంట్లో పద్దెనిమిది వేలు, ఇంకోదాంట్లో పదిహేడు వేలు. అమ్మ పద్దెనిమిది వేలకే పొమ్మంటుంది. మంగళవారం లోపల సంతకం పెట్టాలె. నువ్వొకసారి చూడు" అన్నది.

వెనకాలే వాళ్ళమ్మ వచ్చి గడపలో నిలబడ్డది. "కాకా, ఇందులో చూసేదేముంది? వెయ్యి ఎక్కువ ఇచ్చేది ఎక్కువే గదా" అన్నది.

నేను నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి. ఇంగ్లీషు కాగితం చదవాలంటే ఇప్పటికీ మనుమణ్ణి పిలుస్తా. కానీ పగార్ చీటీ చదవడం నాకు వచ్చు. అది బడిలో నేర్చుకున్నది కాదు, నష్టపోయి నేర్చుకున్నది. నాతో పాటు ఇంకొంతమందిని నష్టపెట్టి నేర్చుకున్నది. అందుకే ఈ నెల ఆ సంగతే రాస్తున్నా.

ముందు చీటీ సంగతి. పగార్ చీటీలో అందరం కింది గీత చూస్తం. చేతికి ఎంత వస్తదో అక్కడ ఉంటది గనక. కానీ చూడాల్సింది పై గీత. అక్కడ బేసిక్ అని ఉంటది, దాని కింద డీఏ. పుస్తకాల్లో కరువు భత్యం అంటరు. మా షోలాపూర్‌లో మరాఠీ పద్ధతిలో మహాగాయి అంటం. ఈ రెండూ కలిపితే వచ్చేది పడుగు. ఇంటి కిరాయి, బస్సు ఖర్చు, అలవెన్సు అని కింద రాసేదంతా పేక. మగ్గం మీద కూర్చున్న మన ఇళ్ళల్లో వేరే చెప్పనక్కర లేదు. పడుగు ఎంత పొడుగుంటే గుడ్డ అంతే.

ఎందుకంటే మిగతావన్నీ ఆ రెండింటి మీదనే లెక్క కడ్తరు. ప్రావిడెంట్ ఫండు మన దగ్గర నూటికి 12 కోసేది దాని మీదనే, మాలకుడు ఇంకో 12 వేసేది దాని మీదనే. మాలకుని 12లో 8.33 పింఛను ఖాతాకు పోతది. గ్రాచ్యుటీ దాని మీదనే. బోనస్ కూడా దాని మీదనే, దానికి ఒక హద్దు ఉన్నది. పేక ఎంత మెరిసినా ఈ లెక్కల్లోకి రాదు.

నేను 1978లో పంతొమ్మిదేళ్ళప్పుడు మిల్లులో బద్లీగా చేరిన. పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే, ఎవరన్నా రాకపోతే ఆ జాగాలో పని. లేకపోతే ఇంటికి. బద్లీకి, కాయం మనిషికి ఒకటే మెషీను, ఒకటే దూది, ఒకటే దగ్గు. కానీ కాయం మనిషి నెలకు ఇరవై ఆరు హజేరీలు తింటే, బద్లీకి పది దొరికినా దేవుడి దయ. అప్పుడు కూడా పగార్లలో తేడా లేకపోలేదు. అయితే ఒక మంచి ఉండె. మహాగాయి బేసిక్ కంటే పెద్దగా ఉండె. బజారులో జొన్నలు పెరిగితే, కొన్నాళ్ళకు చీటీలో మహాగాయి పెరిగేది. ఎవరినీ అడుక్కోనక్కర లేకుండె.

అది ఉత్తగా రాలేదు. ముంబై మిల్లుల్లో 1947లో ఇండస్ట్రియల్ కోర్టు కింది మెట్టు కార్మికునికి నెలకు 30 రూపాయల బేసిక్ ఖాయం చేసింది. దాని మీద ధరల సూచీని బట్టి మహాగాయి. తక్కిన మిల్లు ఊర్లకు కూడా ఆ పద్ధతి పాకింది. 1982 జనవరి 18న ముంబైలో రెండున్నర లక్షల మంది పని ఆపినప్పుడు, పగార్ పెంచాలె అనేదాంతో పాటు బద్లీలను కాయం చెయ్యాలె అనేది కూడా అడిగిన్రు. మనవాళ్ళు ఎందరో ఆ గేట్ల ముందు నిలబడ్డరు. ఆ సమ్మె ఎట్లా ముగిసిందో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు తెలుసు.

తొంభైల్లో మా ఊర్లో కూడా భోంగాలు ఒక్కొక్కటే ఆగినయి. మా మిల్లు మూతపడ్డప్పుడు ఫండు అంతా తీసుకొని ఇంటి మీద రేకులు వేసుకున్నం. పెద్ద పిల్ల పెండ్లి చేసినం. 1996లో ఊరి బయట ఒక స్పిన్నింగ్ మిల్లులో మళ్ళా చేరిన. దాని పేరు రాయను. అక్కడ పనిచేసినవాళ్ళకు తెలుస్తది.

2003లో అక్కడ ఒప్పందం కాగితం వచ్చింది. నెలకు ఆరు వందలు పెంచుతమన్నరు. మాకు సంబురం. కానీ పెంచేదంతా అలవెన్సు కింద. బేసిక్ ముట్టుకోరు. ఆఫీసులో మమ్మల్ని కొందరిని కూర్చోబెట్టి చెప్పిన్రు: "బేసిక్‌లో పెంచితే ఫండుకు కోత పడ్తది, మీ చేతికి తక్కువ వస్తది. అలవెన్సులో పెంచితే ఆరు వందలకు ఆరు వందలు చేతికి." నాకు నిజమే అనిపించింది. నిజం కాదని కాదు. సగం నిజం.

మా ఖాతాలో నా మాట పదిమంది వినేవారు. నేను తిరిగి తిరిగి అందరితో సంతకాలు పెట్టించిన. నా పక్క సైడు మీద పనిచేసే పెద్దాయన ఒక్కడు ఒప్పుకోలే. ఆయన నాకంటే పదేండ్లు పెద్ద, సంతకం కూడా రాదు, వేలిముద్రనే. ఆయన అన్నడు: "తమ్మీ, ఆరు వందలు ఇచ్చేటోనికి అవి ఏడ రాస్తే ఏంది? బేసిక్‌ల రాయడానికి ఎందుకు వెనకాడుతున్నడో అది చూడు."

నేను నవ్విన. "అన్నా, రేపటి ఫండు ఎవడు చూసిండు, ఈ నెల కిరాయి కట్టాలె గదా" అన్నా. రెండు రోజులు బతిమాలితే ఆయన కూడా వేలు పెట్టిండు. నా మొకం చూసి పెట్టిండు.

ఆ తర్వాత ఏ పెంపు వచ్చినా అలవెన్సులోకే. నేను 2010లో బయటికి వచ్చేనాటికి నా పగార్ 6,000. అందులో బేసిక్, మహాగాయి కలిపి 4,200, అలవెన్సు 1,800. పద్నాలుగేండ్ల నౌకరీ. గ్రాచ్యుటీ లెక్క ఇట్లా: ఆఖరు పగార్‌ను 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేండ్లు చేస్తే అన్నిటితో గుణించాలె. 4,200 మీద నాకు 33,923 వచ్చినయి. అదే 6,000 మీద అయితే 48,461. తేడా 14,538 రూపాయలు. ఇది గ్రాచ్యుటీ ఒక్కటే. ఏడేండ్లు ఫండులో పడకుండా పోయింది, దాని వడ్డీ, వేరే.

పింఛను చూడండి. పగార్‌ను నౌకరీ ఏండ్లతో గుణించి 70తో భాగిస్తరు. 4,200 గుణించు 14, భాగించు 70. వచ్చేది 840. 2014 సెప్టెంబరు నుంచి కనీస పింఛను 1,000 అన్నరు గనక, నాకు యాభై ఎనిమిది నిండినప్పుడు 1,000 మొదలైంది. 6,000 మీద కట్టి ఉంటే 1,200 వచ్చేది. నెలకు రెండు వందలు. నవ్వకండి. మా ఇంటామె బీపీ మాత్రలు ఆ రెండు వందల్లో వస్తయి. బతికినన్ని నెలలు ఆ రెండు వందలు రావు.

ఆ పెద్దాయన నాకంటే ముందే బయటికి వచ్చిండు. గ్రాచ్యుటీ చెక్కు పట్టుకొని మా ఇంటికి వచ్చి, "తమ్మీ, లెక్క సరిగ్గ ఉందా?" అన్నడు. కాగితం మీద వేసి చూసిన. లెక్క సరిగ్గానే ఉన్నది. తప్పు లెక్కలో లేదు, నేను పెట్టించిన వేలిముద్రలో ఉన్నది. ఆయన ఒక్క మాట అనలే. చాయ తాగి పోయిండు. ఇప్పుడు లేడు. ఆ రోజు నుంచి ఎవరు చీటీ తెచ్చినా నేను చూసి పంపుతున్న.

ఇప్పుడు దేశం సంగతి కొంచెం చెప్తా, ఇది మన ఒక్క గల్లీ ముచ్చట కాదు గనక. సర్కారువాళ్ళు తీసే శ్రామికుల సర్వేలో, నెల పగార్ మీద పనిచేసేవాళ్ళ సగటు సంపాదన 2017 జూలై-సెప్టెంబరులో 16,538. 2024 ఏప్రిల్-జూన్‌లో 21,103. అంటే నూటికి 27 కంటే కొంచెం ఎక్కువ పెరిగింది. వినడానికి బాగుంది. మరి ధరలు?

కార్మికుల ధరల సూచీ అని ఒకటి ఉన్నది, లేబర్ బ్యూరో నెలనెలా లెక్క తీస్తది. మన షోలాపూర్ బజారు ధరలు కూడా ఆ లెక్కలోకి పోతయి. 2017 జూలైలో ఆ సూచీ 285. 2024 మే నాటికి దాదాపు 140. ధరలు తగ్గినయా అని మోసపోకండి. నడుమ లెక్క మొదలుపెట్టే ఏడు మార్చిన్రు, 2001కి బదులు 2016 పెట్టిన్రు. కొత్త అంకెను 2.88తో గుణిస్తే పాత అంకె వస్తది. 140 గుణించు 2.88 అంటే 403. 285 నుంచి 403కు. నూటికి 41 పెరిగింది.

పగార్ 27, ధరలు 41. ధరలతో సమానంగా నడవాలంటే ఆ 16,538 సుమారు 23,400 కావాలె. అయింది 21,103. నెలకు రెండు వేల పైచిలుకు తక్కువ. ఎవరూ జేబులో చెయ్యి పెట్టలేదు, చీటీలో కోత కనిపించదు, కానీ పోయింది. రోజుకూలీల సగటు మాత్రం అదే కాలంలో 294 నుంచి 433కు పెరిగింది, అది ధరలను దాటింది. అయినా నెలకు ఇరవై ఆరు రోజులు పని దొరికినా వాళ్ళకు వచ్చేది 11,258. కింద ఉన్నవాడు కొంచెం పైకి లేచిండు, నడుమ ఉన్నవాడు నిలబడ్డచోటే కుంగిండు.

ఇక మహాగాయి ఉన్నవాని సంగతి చూడండి. కేంద్ర సర్కారు నౌకరీలో అన్నిటికంటే కింది మెట్టు బేసిక్ 2016 జనవరి నుంచి 18,000. ఏడాదికి రెండుసార్లు, జనవరి, జూలైలో, ఇదే ధరల సూచీ చూసి మహాగాయి కలుపుతరు. 2025 జూలైకి అది నూటికి 58 అయింది. అంటే కొత్తగా చేరిన కింది మెట్టు మనిషికి కూడా 28,440, కిరాయి భత్యం కాకుండా. వాళ్ళను చూసి కడుపుమంట వద్దు. వాళ్ళకు అది న్యాయమే. మనం అడగాల్సింది ఒకటే: సూచీ తీసేది కార్మికుల బజారు ధరల మీద గదా, ఆ సూచీతో నడిచే గీత మన పిల్లల చీటీల్లో నుంచి ఎందుకు మాయమైంది?

ఇంకో తేడా ఠేకేదారు మనుషులది. 2000 ప్రాంతంలో దేశంలోని ఫ్యాక్టరీల్లో నూరు మంది కార్మికులకు ఇరవై మంది ఠేకేదారు కింద ఉండిరి. ఇప్పుడు నలభై దాటిన్రు. మా కాలంలో బద్లీ అంటిమి. బద్లీ మనిషి ఎప్పటికన్నా కాయం అయితా అనుకొని గేటు దగ్గర నిలబడేవాడు. ఇప్పటి పిల్లలకు ఏ గేటు దగ్గర నిలబడాల్నో తెలియదు. మెషీను ఒకరిది, చీటీ ఇంకొకరిది.

అంతా చీకటే అనను. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది: అందరికీ ఒకే తీరుగా ఇచ్చే అలవెన్సును ఊరికే పేరు మార్చి ఫండు నుంచి తప్పించడానికి లేదు. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక చట్టాలు వచ్చినయి. వాటిలో నాకు నచ్చనివి ఉన్నయి, వాటి గురించి వేరే నెల రాస్తా. కానీ ఒక మాట మనకు పనికొచ్చేది. ఇంటి కిరాయి, బస్సు ఖర్చు లాంటివన్నీ కలిపి మొత్తంలో సగం దాటకూడదు. దాటింది పగార్‌లోనే కలిపి లెక్క కట్టాలె. ఇంకొకటి, ఏడాది, రెండేండ్లు అని గడువు రాసి తీసుకున్న మనిషికి కూడా ఏడాది నిండితే గ్రాచ్యుటీ లెక్క వస్తది. మునుపు అయిదేండ్లు నిండాల్సి ఉండె.

ఈ మాట 2003లో ఉంటే ఆ పెద్దాయన వేలిముద్ర అడగాల్సిన పని నాకు పడకపోయేది.

ఇప్పుడు పిల్ల కాగితాలు. మనుమణ్ణి పక్కన పెట్టుకొని ఒక్కొక్క గీత చదివించిన.

మొదటి కాగితం, 18,000. అందులో బేసిక్ 7,000. తక్కిన 11,000 కిరాయి, ప్రయాణం, ఇతరాలు. మహాగాయి గీత లేదు. పైన ముద్ర ఠేకేదారుది, పని మాత్రం కంపెనీలో. ఫండుకు 840, ఈఎస్ఐకి 135 పోతే చేతికి 17,025.

రెండో కాగితం, 17,000. బేసిక్, మహాగాయి కలిపి 14,000. ఆరు నెలలు చూసి కాయం చేస్తమని రాసి ఉన్నది. మన రాష్ట్రంలో కనీస వేతనం మీద మహాగాయి ఆరు నెలలకోసారి, జనవరిలో, జూలైలో మారుస్తరు, ఆ ప్రకారం ఇస్తమని కూడా రాసి ఉన్నది. ఫండుకు 1,680, ఈఎస్ఐకి 128 పోతే చేతికి 15,192.

వాళ్ళమ్మ వెంటనే అన్నది: "చూసినవా కాకా, వెయ్యి కాదు, పద్దెనిమిది వందలు తక్కువ!"

"నిజమే అమ్మా, చేతికి తక్కువే. ఇప్పుడు చేతికి రానిది కూడా చూద్దాం" అన్నా.

మాలకుడు వేసే ఫండు మొదటిదాంట్లో 840, రెండోదాంట్లో 1,680. గ్రాచ్యుటీ నెలవారీగా పరిస్తే మొదటిదాంట్లో 337, రెండోదాంట్లో 673. అన్నీ కలిపితే మొదటి కాగితం 19,177, రెండోది 19,353. అంటే పదిహేడు వేల కాగితమే పెద్దది. తేడా 176 రూపాయలే, అది మొదటి నెల తేడా. మహాగాయి కదిలిన ప్రతిసారీ రెండో కాగితం పెరుగుతది, మొదటిది అట్లనే ఉంటది.

సగం లెక్క కూడా చెప్పిన. 18,000లో సగం 9,000. పక్క భత్యాలు 11,000 ఉన్నయి. ఎక్కువైన రెండు వేలు పగార్‌లో కలపాలె, అప్పుడు ఫండు 7,000 మీద కాదు, 9,000 మీద కట్టాలె. కాగితంలో అట్లా లేదు. "బిడ్డా, సంతకం పెట్టకముందే చట్టం ప్రకారం లేని కాగితం ఇచ్చినోడు, పెట్టినాక ఏం ఇస్తడో నువ్వే చూసుకో" అన్నా.

కానీ ఈసారి నేను సంతకం ఇక్కడ పెట్టు అని చెప్పలే. ఒకసారి చెప్పిన, చాలు. వాళ్ళింట్లో కిరాయి ఉన్నది, బచత్ గట్టు అప్పు ఉన్నది. నెలకు పద్దెనిమిది వందలు వాళ్ళకు చిన్నది కాదు. ఆ సంగతి నా కాగితం మీది లెక్కలో లేదు, వాళ్ళమ్మ కండ్లల్లో ఉన్నది. అంకెలు రెండు పక్కల రాసి కాగితం పిల్ల చేతికి ఇచ్చిన.

పిల్ల చాలాసేపు చూసి ఒక ప్రశ్న అడిగింది. "తాతా, ఆ ఫండు పైసలు నా పేరు మీదనే ఉంటయా?"

"నీ పేరు మీదనే. నంబరు ఒకటే, ఏ కార్ఖానాకు పోయినా అదే నంబరు చెప్పాలె. మేము చేసినట్టు నడుమ తీసుకొని తినొద్దు" అన్నా.

మంగళవారం రెండో కాగితం మీద సంతకం పెట్టి వచ్చింది. వాళ్ళమ్మకు ఇంకా కోపమే. మొన్న నల్లా దగ్గర కనిపించి, "కాకా, మొదటి నెల పద్దెనిమిది వందలు నువ్వే ఇస్తవా" అన్నది. నవ్వుతూ అన్నదో, నిజంగా అన్నదో తెలియలే. అప్పు వాయిదా రోజు ఒకసారి కనుక్కోవాలె అనుకుంటున్న.

చదివేవాళ్ళకు చెప్పేది ఇంతే. ఇంట్లో ఎవరి చీటీ అయినా సరే, ఈ నెల ఒకసారి ముందర పెట్టుకోండి. బేసిక్, మహాగాయి కలిపి ఎంత, మొత్తం ఎంత, మొదటిది రెండోదాంట్లో సగం ఉన్నదా లేదా చూడండి. ఫండు అన్ని నెలలూ పడిందా చూడండి. ఠేకేదారు చీటీ ఇవ్వకపోతే అడగండి, చీటీ ఇవ్వడం దయ కాదు, చట్టం. అర్థం కాకపోతే మా ఇంటికి తీసుకురండి. ఐతారం పొద్దున ఇంట్లోనే ఉంటా. కళ్ళజోడు ఉన్నది, మనుమడు ఉన్నడు, చాయ ఉంటది.